చెప్పు జారితే తెలుస్తుందా?

న్యూరాలజిస్టు కావాలనుకునే వైద్య విద్యార్థి ఎక్కడ మొదలుపెట్టాలి? పుస్తకంలోనా, వార్డులోనా, కాలవ గట్టు మీదా?

మా నాయనమ్మ ఎడమకాలి చెప్పు కొమ్మమూరు కాలవ గట్టు మీద దొరికింది. ఆమె మాత్రం రెండు వీధులు దాటి ఇంటికొచ్చి, అరుగు మీద కూర్చుని, కుడికాలి చెప్పు విడిచి, ఎడమకాలిది విడవబోయి చూసుకుంటే అక్కడ చెప్పు లేదు. ‘ఎవరో ఎత్తుకుపోయార్రా’ అంది. కాల్లో చెప్పు ఎవరెత్తుకుపోతారని అందరం నవ్వాం. మూడోసారి కూడా అలాగే అయ్యాక నవ్వు ఆగింది.

సంగం జాగర్లమూడి గుంటూరు-తెనాలి రైలు మార్గంలో చిన్న స్టేషను. ఒక పక్క వేజండ్ల, ఇంకో పక్క అంగలకుదురు. గుంటూరు నగరం తాగే నీళ్లలో కొన్ని మా ఊరి హెడ్ వాటర్ వర్క్స్ నుంచి పోతాయి; జబ్బు చేస్తే మేము గుంటూరు పోతాం. నాయనమ్మను మాత్రం మొదట అంత దూరం తీసుకుపోలేదు. దగ్గర్లో ఉన్న ఒక క్లినిక్‌లో చూపిస్తే ‘నరాల బలహీనత’ అన్నారు. ఎర్ర రంగు ఇంజెక్షన్లు ఐదు నెలలు వేయించాం. ఈలోగా ఆమెకు మల్లెపూల మాల కట్టడం చేతకాకుండా పోయింది. ముడి పడటం లేదు, పువ్వు జారిపోతోంది. చత్వారం అనుకున్నాం. కాలి చెప్పుకీ చేతి పువ్వుకీ సంబంధం ఉంటుందని మాకెలా తోస్తుంది?

చివరికి గుంటూరులో ఒక పెద్దాసుపత్రి ఓపీలో మీసం సరిగా రాని హౌస్‌సర్జన్ కుర్రాడు ఆమె ముందు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ‘మామ్మా, చెప్పు జారినప్పుడు నీకు తెలుస్తుందా, తెలీకుండానే జారిపోతుందా?’ అన్నాడు. ఐదు నెలల్లో ఎవరూ అడగని ప్రశ్న. ‘తెలిస్తే వదిలేసి ఎందుకొస్తాను నాయనా’ అంది. కళ్లు మూసుకోమని కాలి బొటనవేలు పైకీ కిందకీ కదిపి, ఎటుందో చెప్పమన్నాడు. చెప్పలేకపోయింది. మోకాలి కింద సుత్తితో తడితే కాలు ఎగిరి అతని చెయ్యికి తగిలింది. జేబులోంచి బండి తాళంచెవి తీసి అరికాలి అంచున గీశాడు. బొటనవేలు మెల్లగా పైకి లేచింది. అతను కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ‘జబ్బు కాల్లో లేదు మామ్మా, మెడలో ఉంది’ అన్నాడు.

స్కానింగ్ తర్వాత అతను చెప్పిందే నిజమైంది. మెడ ఎముకలు వెన్నుపాముని నొక్కేస్తున్నాయి.

తెలియకుండా చెప్పు జారితే స్పర్శ, స్థితి తెలిపే దారిలో లోపం. జారుతున్నట్టు తెలిసీ పట్టి ఉంచలేకపోతే కండ బలంలో లోపం. రెండూ కలిసి ఉండొచ్చు కూడా. ఆ తేడా పట్టుకోవడానికి స్కానింగ్ మిషను అక్కర్లేదు, ఒక వాక్యం చాలు. ఆ వాక్యం ఆ కుర్రాడికి ఎక్కడ దొరికింది? మెదడు, నరాల వైద్యంలోకి పోవాలనుకునే పిల్లలు దేనికోసం తయారవుతున్నారు, దేనికోసం తయారవ్వాలి? ఈ కథనం అందుకే.

పదకొండున్నరేళ్ల ప్రయాణం

ముందు లెక్క చూద్దాం. ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు. ఆపైన ఏడాది హౌస్‌సర్జెన్సీ. తర్వాత మూడేళ్ల ఎండీ, జనరల్ మెడిసిన్‌లో గానీ పిల్లల వైద్యంలో గానీ. ఆపైన మూడేళ్ల డీఎం న్యూరాలజీ. మొత్తం పదకొండున్నరేళ్లు. ఇది ఎక్కడా ఆగకుండా పోయిన బండి లెక్క. మన పిల్లల్లో చాలామంది మధ్యలో ఒకటి రెండు స్టేషన్లలో దిగిపోయి కూర్చుంటారు. ఇంట్లో వాళ్లు దాన్ని ‘ప్రిపరేషన్’ అంటారు, పక్కింటి వాళ్లు ‘ఖాళీగా ఉన్నాడు’ అంటారు.

ఎండీ సీటుకు నీట్ పీజీ. రెండు వందల ప్రశ్నలు, మూడున్నర గంటలు, తప్పు రాస్తే ఒక మార్కు కోత. ఆ తర్వాత డీఎం సీటుకు నీట్ ఎస్ఎస్ అని ఇంకో జల్లెడ. 2017 నుంచి దేశమంతటికీ ఒకటే. ఎయిమ్స్, నిమ్హాన్స్ లాంటి జాతీయ సంస్థలకు వేరే పరీక్షలున్నాయి. బెంగళూరు నిమ్హాన్స్‌లో ఎంబీబీఎస్ నుంచి నేరుగా చేరే ఆరేళ్ల డీఎం ఉంది. ఐఎన్ఐ సెట్ రాసి గెలవాలి. సీట్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. కానీ పద్దెనిమిదేళ్లకే ‘నాకు మెదడే కావాలి’ అని తేల్చుకున్న మొండివాళ్లకు అదొక అడ్డదారి. మనవైపు గుంటూరు మెడికల్ కాలేజీలో, విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీలో, తిరుపతి స్విమ్స్‌లో, హైదరాబాద్ నిమ్స్‌లో డీఎం న్యూరాలజీ చదవొచ్చు. స్విమ్స్‌కు డైరెక్టరుగా చేసిన డాక్టర్ బి. వెంగమ్మ న్యూరాలజిస్టే.

అసలు చిక్కు సీట్ల దగ్గర మొదలు కాదు, మొదటి ఏడాది అనాటమీ హాల్లో మొదలవుతుంది. ఇంటర్ నుంచి నేరుగా వచ్చిన పిల్లాడి ముందు ఫార్మలిన్ వాసన కొట్టే మెదడు పెడతారు. పన్నెండు కపాల నాడులు, వెన్నుపాములో పైకి పోయే దారులు, కిందికి దిగే దారులు, ఏది ఎక్కడ అవతలి పక్కకి దాటుతుంది అన్నీ బట్టీ. పరీక్ష అయిపోతుంది, మర్చిపోతాడు. మళ్లీ ఆ దారులతో అసలైన పని పడేది ఫైనలియర్ మెడిసిన్ వార్డులో. అప్పటికి తెనాలిలో రైలెక్కి రేపల్లెలో మెలకువొచ్చినట్టుంటుంది. మధ్యలో వచ్చిన స్టేషన్లేమిటో గుర్తుండవు. ఈ భయానికి అమెరికా వైద్యుడు రాల్ఫ్ జోజెఫోవిచ్ 1994లో ‘న్యూరోఫోబియా’ అని పేరు పెట్టాడు. నరాల జబ్బులంటే వైద్య విద్యార్థులకు ఉండే జడుపు. పేరు అక్కడ పుట్టినా జబ్బు అన్ని దేశాల్లోనూ ఉంది. ఫైనలియర్ వైవాలో లాంగ్ కేసుగా పక్షవాతం రోగి పడ్డాడంటే చాలు, మిగతా కుర్రాళ్లు ఆ పిల్లాడి భుజం తట్టి ఓదారుస్తారు.

విరుగుడు కొత్తదేం కాదు. దారుల్ని బొమ్మలుగా కాక మనుషులుగా గుర్తుపెట్టుకోవాలి. వెన్నుపాము వెనక భాగంలో పోయే దారి ఏమిటంటే, గట్టు మీద చెప్పు వదిలేసి వచ్చే ముసలమ్మ. ఇక అది మర్చిపోదామన్నా మరపుకు రాదు.

నరం అంటే ఏ నరం?

ఇక్కడ మన భాష ఒక పెద్ద గోతిని తవ్వి పెట్టింది. తెలుగులో నరం అంటే అన్నీ నరాలే. ‘నరానికి ఇంజెక్షన్’ అంటే రక్తనాళానికి. ‘మెడ నరం పట్టేసింది’ అంటే కండరం. ‘కాళ్ల మీద నరాలు ఉబ్బాయి’ అంటే సిరలు. ‘నరం మీద నరం ఎక్కింది’ అంటే ఏమిటో అన్నవాళ్లకే తెలియాలి. వీటన్నిటి తర్వాత, మిగిలిపోయిన చోట, అసలు నాడి. ఇక ‘నరాల బలహీనత’ సంగతి సరేసరి. రైలు పట్టాల వెంట గోడల మీద ఆ మాట రాసుకున్నవాళ్లు ఏ బలహీనతకు మందిస్తారో, ఏ లాడ్జీలో ఏ వారం దొరుకుతారో అందరికీ తెలుసు. అదే మాటతో మా నాయనమ్మకు ఐదు నెలలు ఇంజెక్షన్లు పడ్డాయి. ఒక మాట అన్ని జబ్బులకూ సరిపోయిందంటే అది ఏ జబ్బునూ చెప్పడం లేదన్నమాట.

‘కళ్లు తిరుగుతున్నాయి డాక్టరుగారూ’ అన్నది ఇంకో గొయ్యి. మెడికోకు అది ఒక లక్షణంగా వినిపిస్తుంది. నిజానికి అందులో కనీసం మూడున్నాయి. ఇల్లు గిర్రున తిరుగుతోందా? అయితే లోపలి చెవి దగ్గరో చిన్నమెదడు దగ్గరో వెతకాలి. లేచి నిలబడితే కళ్లు బైర్లు కమ్ముతున్నాయా? బీపీ చూడాలి, గుండె చూడాలి, వేసుకునే బిళ్లలు చూడాలి. తల బాగానే ఉంది గానీ కాళ్లు తూలుతున్నాయా? అది వేరే దారి. ఇంగ్లీషు పుస్తకంలో ఒక్కోదానికి ఒక్కో పేరుంది. మన రోగి దగ్గర పేరు లేదు, కానీ అనుభవం ఉంది. సరిగ్గా అడిగితే తేడా కచ్చితంగా చెబుతాడు. తిమ్మిరి వేరు, మొద్దుబారడం వేరు, మంట వేరు, జివ్వుమనడం వేరు, చీమలు పాకినట్టుండటం వేరు, దూది మీద నడిచినట్టుండటం వేరు. ఇన్ని రకాలుగా చెప్పగల భాష ఉండి కూడా కేస్ షీటులో అన్నిటికీ కలిపి ఒకటే ఇంగ్లీషు మాట రాసి పారేస్తున్నాం.

పరీక్ష పరికరాలూ అంతే. డెల్టా పల్లెలో పుట్టిన పిల్లాడి చుట్టూ అవి పడి ఉంటాయి. వరిచేల గట్టు మీద నడక సంగతే తీసుకోండి. జానెడు వెడల్పు, రెండు పక్కలా బురద, ఒక అడుగు ముందు ఒక అడుగు వేయాలి. న్యూరాలజీ వార్డులో గీత మీద మడమకు వేలు ఆనించి నడవమంటారే, అదే ఇది. ‘గట్టు మీద పగలు బాగానే నడుస్తావు, చీకట్లో పడిపోతున్నావా?’ అని అడిగితే చాలు. వెలుతురులో కళ్లు కాళ్ల లోపాన్ని కప్పిపుచ్చుతాయి, చీకట్లో గుట్టు బయటపడుతుంది. పొద్దున్నే మొహం కడుక్కునేటప్పుడు కళ్లు మూసుకోగానే ముందుకు తూలుతున్నాడంటే కూడా అదే కథ. ముగ్గు వేసి లేవడానికి మోకాళ్ల మీద చేతులు ఆనించాల్సి వస్తోందా? తొడల, తుంటి కండరాలు. దండెం మీద చీర ఆరేయడానికి, జడ వేసుకోవడానికి చేతులు పైకి లేవడం లేదా? భుజాలు. అన్నం ముద్ద కలుపుతుంటే మెతుకులు వేళ్ల సందుల్లోంచి రాలిపోతున్నాయా, చొక్కా గుండీ పట్టు దొరకడం లేదా? అరచేతి చిన్న కండరాలు, లేదా మెడలో వెన్నుపాము. నోట్లో పోసుకున్న కాఫీ ఒక పక్క నుంచి కారుతోందా? మొహం నాడి. ఈ ప్రశ్నలు మా ఊళ్లో పెరిగిన పిల్లాడు అవలీలగా అడగగలడు. కాకపోతే, తనకు తెలిసినవి ప్రశ్నలేనని అతనికి ఎవరూ చెప్పరు. తెల్లకోటు వేసుకున్న మొదటి వారంలోనే గట్టునూ ముగ్గునూ ఇంటి దగ్గర వదిలేసి రావాలని తనంతట తానే నిర్ణయించుకుంటాడు.

నా మటుకు న్యూరాలజీకి తయారీ అంటే ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకోవడమే.

పావురం నెత్తురూ, నాలుగున్నర గంటలూ

ఇంటి మాట తెలిసినవాడికి ఇంటి మూఢత్వం కూడా తెలుస్తుంది. అదీ పనికొచ్చే చదువే. పక్షవాతం వచ్చిన కాలికి పావురం నెత్తురు రాస్తే తగ్గుతుందని నమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఫిట్సు వస్తే గుప్పిట్లో తాళాల గుత్తి పెట్టేవాళ్లు, ముక్కు దగ్గర ఉల్లిపాయ పెట్టేవాళ్లు లేని ఊరు లేదు. ఫిట్సు చాలావరకు రెండు మూడు నిమిషాల్లో దానంతటదే ఆగుతుంది, పేరు తాళాలకు వస్తుంది. అక్కడితో పోతే నష్టం లేదు. పక్షవాతం అలా కాదు. మెదడులో రక్తనాళం మూసుకుపోయినప్పుడు గడ్డను కరిగించే ఇంజెక్షనుకు నాలుగున్నర గంటలే గడువు. పావురం కోసం వెతికే మధ్యాహ్నంలో ఆ గడువు దాటిపోతుంది. రేపల్లె అవతల లంక గ్రామంలో సాయంత్రం మూతి వంకర పోయిందంటే, ఆటో దొరికి, పెద్దాసుపత్రి చేరి, స్కానింగ్ తీయించుకునేసరికి గడియారం ఏం చెబుతుందో లెక్కేసుకోండి. అందుకే రోగి బంధువుని మెడికో అడగాల్సిన మొదటి ప్రశ్న ‘ఎప్పుడొచ్చింది?’ అని కాదు. ‘ఆఖరిసారి బాగా ఉండగా ఎవరు చూశారు, ఎన్నింటికి?’ అని. నిద్రలో వచ్చినదానికి లెక్క పడుకున్న వేళ నుంచి మొదలవుతుంది.

ఫిట్సు సంగతిలో ఇంకో మెలిక. రోగికి ఆ సమయంలో ఏమీ గుర్తుండదు, కాబట్టి జబ్బు కథ చెప్పేది చూసినవాళ్లే. ఆ చూసినవాళ్లు పెళ్లి కావలసిన పిల్ల విషయంలో నోరు విప్పరు. మూర్ఛ ఉంటే పెళ్లి చెల్లదనే వీలు హిందూ వివాహ చట్టంలో 1999 సవరణ దాకా ఉండేది. చట్టం నుంచి ఆ మాట పోయింది గానీ పెళ్లిచూపుల్లోంచి పోలేదు. చేతిలో ఫోను వచ్చాక మాత్రం ఒక మేలు జరిగింది. ఎవరో ఒకరు వీడియో తీస్తున్నారు. తల ఎటు తిరిగింది, ఏ చెయ్యి ముందు కొట్టుకుంది, కళ్లు తెరిచి ఉన్నాయా మూసి ఉన్నాయా అన్నది అర నిమిషం వీడియోలో దొరుకుతుంది. వార్డులో అరగంట మాటల్లో దొరకనిది.

మన నేల నేర్పే పాఠాలు

న్యూరాలజీ అంటే అరుదైన జబ్బుల శాస్త్రమని విద్యార్థుల్లో ఒక అపోహ. మన దగ్గర అది పొలం గట్టు మీదే ఉంది.

కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లను కాటేస్తుంది. గాటు సరిగా కనిపించదు, నొప్పి పెద్దగా ఉండదు. తెల్లవారుజామున కడుపునొప్పి, తర్వాత కనురెప్పలు వాలిపోవడం. ఇంట్లో వాళ్లు నిద్రమత్తనుకుంటారు. ‘రెప్పలు ఎత్తి నా వైపు చూడు’ అని అడిగే బుద్ధి పుట్టిన హౌస్‌సర్జను, ఊపిరి ఆగిపోకముందే వెంటిలేటరు సిద్ధం చేయిస్తాడు. పురుగుమందు తాగినవాళ్ల సంగతి గుంటూరు క్యాజువాలిటీలో పనిచేసిన ఎవరినడిగినా చెబుతారు. విరుగుడు మందు అట్రోపిన్‌తో తేరుకున్నాడనుకున్న మనిషి రెండో రోజో మూడో రోజో మళ్లీ కూలిపోతాడు. 1987లో శ్రీలంక వైద్యులు సేనానాయకె, కరలీద్దె ఈ మధ్యంతర దశను వివరించారు. దాని తొలి గుర్తు చాలా మామూలుది. రోగి దిండు మీంచి తల ఎత్తలేకపోవడం. రౌండ్స్‌లో ‘ఏమయ్యా, తల ఎత్తు’ అని రోజూ అడగడానికి డబ్బు ఖర్చు కాదు.

2025 ఫిబ్రవరిలో గిలాన్-బారే సిండ్రోమ్ పేరు తెలుగు టీవీల్లో మోగింది. జనవరిలో పుణెలో గుంపుగా వచ్చిన ఆ జబ్బు కేసులు తర్వాత గుంటూరు ప్రభుత్వాసుపత్రి జీజీహెచ్‌లోనూ కనిపించాయి. కాళ్లలో మొదలై పైకి పాకే చచ్చుబాటు. 1916లో పారిస్‌లో గిలాన్, బారే, స్ట్రోల్ అనే ముగ్గురు రాసిన జబ్బు. పేరులో మూడో ఆయనకు చోటు దక్కలేదు. ఈ రోగుల్లో ఊపిరి కండరాలు ఎప్పుడు చేతులెత్తేస్తాయో ముందే కనిపెట్టాలి. మిషన్లున్నాయి, లేనిచోట ఒక ఉపాయం ఉంది. గట్టిగా ఊపిరి పీల్చి ఒకే దమ్ములో అంకెలు లెక్కపెట్టమనడం. నిన్న ముప్పై దాకా వచ్చినవాడు ఇవాళ పదిహేనుకు ఆగిపోతే ఐసీయూకి కబురు పంపాల్సిందే. ఇక్కడ నాకో అనుమానం. ఇంగ్లీషులో ‘ట్వెంటీ త్రీ’ అనేదానికీ మనం ‘ఇరవై మూడు’ అనేదానికీ పట్టే ఊపిరి ఒకటేనా? ఒకే రోగిని రోజురోజుకూ పోల్చుకునేటప్పుడు ఇబ్బంది లేదు. పుస్తకంలో అంకెతో పోల్చేటప్పుడు మాత్రం ఆలోచించాలి. ఏ మెడికో అయినా కొలిచి చూస్తే మంచి చిన్న పరిశోధన అవుతుంది.

ఏలూరు గుర్తుందా? 2020 డిసెంబరు 5న మొదలై కొద్ది రోజుల్లో ఆరొందల మందికి పైగా జనం ఉన్నట్టుండి ఫిట్సు వచ్చి పడిపోయారు. పరీక్షల్లో మొదట సీసం, నికెల్ కనిపించాయన్నారు, తర్వాత అనుమానం పురుగుమందుల మీదికి మళ్లింది. అంతకు చాలా ముందే, 1937లో, షార్ట్ అనే సైనిక వైద్యుడూ ఆయన సహచరులూ అప్పటి మద్రాసు రాష్ట్రంలో, మన నెల్లూరు వైపు పల్లెల్లో, నీళ్లలోని ఫ్లోరైడు ఎముకల్ని పెంచేసి వెన్నుపాముని నొక్కేయడాన్ని లోకానికి చూపించారు. నడుము వంగని, కాళ్లు కదలని ఆ తెలుగు రైతులు వైద్యశాస్త్ర చరిత్రలో ఒక అధ్యాయం. ఫ్లోరోసిస్ న్యూరాలజీ చదవాలంటే ప్రపంచం మన వైపు చూస్తుంది. మన విద్యార్థి మాత్రం అమెరికా పిల్లాడి కోసం రాసిన ప్రశ్నబ్యాంకులో మంచుదేశాల జబ్బులు బట్టీ పడుతుంటాడు.

భాష కూడా పరిశోధన వస్తువేనని హైదరాబాద్ నిమ్స్ చూపించింది. డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది మతిమరుపు రోగుల్ని పరిశీలించి 2013లో ‘న్యూరాలజీ’ పత్రికలో ఒక వ్యాసం వేసింది. ఒకే భాష మాట్లాడేవాళ్ల కంటే రెండు భాషలవాళ్లలో జబ్బు దాదాపు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. బడి మొహం చూడనివాళ్లలోనూ ఆ తేడా కనిపించింది. ఇలాంటి అధ్యయనం ఇంట్లో తెలుగు, బజారులో దక్కనీ మాట్లాడే ఊళ్లో కుదిరినట్టు ఇంకెక్కడ కుదురుతుంది? రాసినవాళ్లలో ఉస్మానియా భాషాశాస్త్ర ఆచార్యురాలు దుగ్గిరాల వసంత కూడా ఉన్నారు. మా పక్కన పసుపు యార్డు ఉన్న ఊరు ఇంటిపేరుగా కనిపిస్తే ఊరికే సంతోషం. మతి పరీక్షల్ని తెలుగులోకి తేవడమంటే అనువాదం కాదు. ఇంగ్లీషు పరీక్షలో ఒక పదం స్పెల్లింగ్ వెనక నుంచి చెప్పమంటారు. గుణింతాల భాషలో అక్షరాన్ని వెనక నుంచి చెప్పడమంటే ఏమిటి? సంతకమే రాని అమ్మ, చిల్లర లెక్కలో మనల్ని మోసపోనివ్వని అమ్మ, ఆమె మతిని దేనితో కొలుస్తావు?

మార్చి మూడో శుక్రవారం

అమెరికా ఊసెత్తకుండా గుంటూరు జిల్లాలో వైద్యవిద్య గురించి రాస్తే ఎవరూ నమ్మరు. 1946లో మొదలైన గుంటూరు మెడికల్ కాలేజీ పూర్వ విద్యార్థులకు ఉత్తర అమెరికాలో పెద్ద సంఘమే ఉంది. వాళ్లలో ఒకరైన డాక్టర్ ఉమ గవిని 2022లో జీజీహెచ్ మాతాశిశు విభాగం కట్టడానికి 20 కోట్ల రూపాయలు ఇచ్చారు.

అమెరికాలో న్యూరాలజీ దారి వేరు. ఎంబీబీఎస్ తర్వాత ఎండీ అక్కర్లేదు. ఏడాది ఇంటర్నల్ మెడిసిన్, మూడేళ్లు న్యూరాలజీ, మొత్తం నాలుగేళ్ల రెసిడెన్సీ. మన పదకొండున్నరేళ్ల పక్కన ఇది చూసి ఏ కుర్రాడికి నోరూరదు? కానీ గేటు దగ్గర కథ ఉంది. అక్కడి లైసెన్సు పరీక్ష యూఎస్ఎంఎల్ఈ స్టెప్ 1లో 2022 జనవరి నుంచి మార్కులు తీసేసి పాస్, ఫెయిల్ మాత్రమే ఉంచారు. అంతకుముందు మంచి స్కోరుతో దూసుకుపోయిన మన పిల్లల ఆయుధం ఒకటి పోయింది. బరువంతా స్టెప్ 2 మీద, అక్కడి ఆసుపత్రిలో కొన్ని వారాలు నిలబడి తెచ్చుకునే సిఫార్సు లేఖల మీద, ‘న్యూరాలజీయే ఎందుకు?’ అని రాసే ఒక పేజీ మీద పడింది. తర్వాత ఇంటర్వ్యూలు. విద్యార్థీ ఆసుపత్రీ తమ తమ ఇష్టాల వరస కంప్యూటరుకిస్తే అది జతలు కలుపుతుంది. మార్చి మూడో శుక్రవారం ఎవరు ఎక్కడో తెలుస్తుంది. పెళ్లిళ్ల పేరయ్య పని యంత్రం చేస్తుందన్నమాట. కట్నం లెక్క వేరే: విమానం, వీసా, ఫీజులు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటన వచ్చాక ఆ లెక్క ఇంకా బరువెక్కింది.

ఆ ఒక్క పేజీ గురించి ఒక మాట. చాలామంది దాన్ని ‘చిన్నప్పటి నుంచి మెదడంటే ఆసక్తి’ అని మొదలుపెడతారు. అమెరికా ప్రొఫెసరు ఆ వాక్యాన్ని ఆ వారంలో ఎన్నోసార్లు చదివి ఉంటాడు. కాలవ గట్టు మీద దొరికిన చెప్పుతో మొదలుపెట్టి చూడండి.

జె-1 వీసా మీద చదివినవాడు తిరిగొచ్చి రెండేళ్లు స్వదేశంలో ఉండాలి, లేదా మాఫీ తెచ్చుకోవాలి. మాఫీ కావాలంటే మామూలు దారి, వైద్యులు చాలని అమెరికా ప్రాంతంలో మూడేళ్లు పనిచేయడం. అలాంటి చోట్లు చాలా మటుకు పల్లెలే. మొక్కజొన్న చేల మధ్య ఏదో చిన్న పట్నంలో, గంటన్నర కారు నడుపుకుంటూ వచ్చిన రైతును మన రేపల్లె కుర్రాడు ‘చీకట్లో తూలుతున్నావా?’ అని ఇంగ్లీషులో అడుగుతుంటాడు. అతను అక్కడికి పోవడం తప్పని నేను అనను. ఆ ప్రశ్న నేర్పిన గట్టు మాత్రం ఇక్కడే ఉంది. దాని మీద నడిచేవాళ్లూ ఇక్కడే ఉన్నారు.

సుత్తి, బొమ్మ, ఆరు నెలలు

మరి మొదటి ఏడాది పిల్లాడు ఏం చేయాలి? నేను డాక్టరును కాను. పదిహేనేళ్లుగా ఆసుపత్రి వరండాల్లో కూర్చున్న అనుభవంతో చెబుతున్నాను, ఇష్టముంటే తీసుకోండి.

మంచి సుత్తి ఒకటి, 128 హెర్ట్జ్ శ్రుతిదండం ఒకటి కొనండి. హాస్టల్లో దొరికిన ప్రతి మోకాలి మీదా తట్టండి. వంద మామూలు మోకాళ్లు చూసినవాడికే నూటొకటోది మామూలు కాదని తెలుస్తుంది. బాబిన్‌స్కీ 1896లో చెప్పిన అరికాలి గుర్తుకు ఇంతవరకు ఏ యంత్రమూ ప్రత్యామ్నాయం కాలేదు. తాళంచెవి చాలు, కానీ గీయడం చేతకావాలి. ప్రతి రోగికీ స్కానింగ్ రిపోర్టు చూడకముందే ఒక బొమ్మ గీసి, జబ్బు ఎక్కడుందో చుక్క పెట్టండి. తర్వాత రిపోర్టు తెరవండి. తప్పయిన చుక్కలున్న నోటు పుస్తకం దాచుకోండి. యాప్‌లో వీడియోలు రైల్లో చూసుకోవచ్చు, వార్డు రైల్లో దొరకదు.

అన్నిటికంటే ముఖ్యమైనది, ఎవరూ చేయనిది: ఒక్క రోగినైనా ఆరు నెలలు వెంబడించండి. న్యూరాలజిస్టులు జబ్బు పేరు చెప్పి చేతులు దులుపుకుంటారని మిగతా డాక్టర్లు వేళాకోళం చేస్తుంటారు. డిశ్చార్జి అయిన పక్షవాతం మనిషి ఇంట్లో మంచం ఎత్తు ఎంత, మరుగుదొడ్డి గడప దాటగలుగుతున్నాడా, భార్యకు నడుము నొప్పి మొదలైందా, ఇవి ఏ పరీక్షలోనూ రావు. నాలుగో నెలలో వేళ్లు మొదటిసారి ముడుచుకున్నప్పుడు ఆ ఇంట్లో ఉన్న విద్యార్థికి మాత్రం న్యూరోఫోబియా రాదు.

నీట్ సంగతేమిటంటారా? చదవాల్సిందే. ర్యాంకు లేనిదే వార్డు లేదు. ఈ వ్యవస్థ రెండు వందల ప్రశ్నల్లో చెప్పు సంగతి ఎప్పటికీ అడగదు, నాకు దాని మీద కోపమే. అయినా లక్షల మందిని ఒకే రోజు జల్లెడ పట్టేందుకు అంతకంటే మంచి దారి నాకూ తోచడం లేదు.

నాయనమ్మకు మెడ ఆపరేషన్ అయింది. పోయినదంతా తిరిగి రాలేదు గానీ, ఉన్నది పోకుండా ఆగింది. మల్లెపూలు మళ్లీ కట్టింది, కాకపోతే మాల కొంచెం వదులుగా ఉండేది. వెనక పట్టీ ఉన్న చెప్పులు కొనిపెట్టాం. ఆమె మాత్రం కొత్త విద్య నేర్చుకుంది. అరుగు ముందు నుంచి పోయే ప్రతివాణ్నీ ఆపి ‘ఏరా, నీకు చెప్పు జారితే తెలుస్తుందా?’ అని అడిగేది. తెలియదన్నవాళ్లను ఇద్దర్ని గుంటూరు పంపింది. ఒకాయనకు షుగరుతో అరికాళ్లు మొద్దుబారాయని తేలింది. రెండో ఆయనకు జబ్బేమీ లేదు, చెప్పులు ఒక సైజు పెద్దవి.

‘అదీ తెలియాలిగా’ అంది నాయనమ్మ.